మూలల రంగు పని

కొట్టు పైన గది,
సోమవారం, ఆఫీసుకి బయల్దేరే ముందు

అత్తా,

నేను డబ్బు మనిషినట. ఈ బిరుదు అమ్మ ఇచ్చింది, అదీ నా ముందు కంచం పెడుతూ. "నాలుగు జీతాలు చేతిలో పడేసరికి మనిషి మారిపోయింది. కన్నతండ్రికి కూడా కాగితం చూపించదట" అని గోడతో చెప్పింది. గోడకి కోపం రాదు కాబట్టి మా ఇంట్లో అందరూ దానితోనే మాట్లాడతారు. నాన్న ఏమీ అనలేదు. మీ అన్నయ్య ఏమీ అనకపోతే ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? ఫ్రేములో బిగించే అద్దాన్ని బల్లమీద మామూలు కంటే మెల్లగా పెడతాడు. ఆ మెల్లదనం ఉందే, అది తిట్టుకంటే గట్టిగా వినిపిస్తుంది.

నేను చేసిన నేరం ఇది. పోయిన ఆదివారం లెక్కలాయన కొట్టుకి వచ్చాడు, పన్ను కాగితాల కాలం కదా. "నీ జీతం స్లిప్పులు ఈయన చేతిలో పెట్టమ్మా, నీది కూడా ఆయనే చూసుకుంటాడు" అన్నాడు నాన్న. "నాది నేనే నింపుకుంటా నాన్నా" అన్నాను. అంతే. లెక్కలాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నాన్న మొహం చిన్నబోయింది. నేనేదో ఇల్లు వేరు పెడుతున్నాను అన్నట్టు.

దాచుకోవడానికి కాదత్తా. నీకైనా అర్థమవుతుందని రాస్తున్నాను. పటాల ఆఫీసులో రోజంతా నా పని ఏమిటో తెలుసుగా: చిరిగిపోయిన భూముల పటాలు గాజు పలకమీద పరచడం, నలిగిన చోట వేలితో సర్దడం, ఫోటో తీయడం. వందేళ్ల కిందట ఎవరో గీసిన గట్టు ఎవరిదో చూస్తూ కూర్చుంటాను. నా సొంత జీతం స్లిప్పులో "పన్ను" అని ఒక వరస ఉంది. దాని ఎదురుగా సున్నా. పోయిన ఏడాది పన్నెండు నెలలూ సున్నా. ఆ సున్నా ఎందుకో తెలుసుకోవాలనిపించింది. ఇది డబ్బు పిచ్చి అయితే కరెంటు బిల్లు చదివేవాళ్లందరూ పిచ్చివాళ్లే.

రెండో నేరం ఇంకా బాగుంటుంది. శనివారాలు కూడా వస్తావా, ఏడాదికి ముప్పై ఆరు వేలు అదనంగా వస్తాయి అని మా ఆఫీసు పెద్దావిడ అడిగింది. నాన్నకి చెబితే వద్దే వద్దన్నాడు. "నీది రెండు లక్షల తొంభై వేలు. మూడు లక్షల గీత దాటావో, మొత్తం మీద పన్ను పడుతుంది. ఎక్కువ పని చేసి తక్కువ తెచ్చుకుంటావు" అన్నాడు. సరే అని నేను మానుకున్నాను. ఇప్పుడు అమ్మ దాన్ని బద్ధకం ఖాతాలో వేసింది. అంటే నేను ఒకే వారంలో డబ్బు మనిషినీ, డబ్బు సంపాదించడానికి ఒళ్లు వంగనిదాన్నీ అయ్యాను. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో ఆ గోడనే అడగాలి.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఫారం నేనే నింపి పంపాను. నాలుగు రోజులకి తిరిగొచ్చింది. "ఈ సంవత్సరానికి మీ రిటర్ను ఇప్పటికే అందింది" అని ముద్ర వేసి ఉంది.

నేను పంపకుండా నాది ఎలా అందింది? నువ్వు పెళ్లికాక ముందు ఆ కొట్టు చీటీలు రాసేదానివి కదా. తెలిస్తే చెప్పు. ఫోను మాత్రం చెయ్యకు, ఇక్కడ మాట్లాడితే కింద అద్దం కోస్తున్నవాడికి కూడా వినిపిస్తుంది.

నీ డబ్బు మనిషి


బడి ల్యాబు, సామాను గది,
శుక్రవారం

కోడలు పిల్లా,

నీ ఉత్తరం చదివి నవ్వుకుంటుంటే ఎనిమిదో తరగతి పిల్లలు తలుపు సందులోంచి చూశారు. ల్యాబు అత్తకి పిచ్చెక్కిందని రేపు బడంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. ముప్పై ఏళ్లుగా వీళ్లు పగలగొట్టిన గాజు గొట్టాలు ఏరుతున్నాను, ఈపాటికి ఎక్కకపోతే ఆశ్చర్యం.

మీ అమ్మ మాటలు పట్టించుకోకు. ఆవిడ నిన్ను ఏదో ఒకటి అనకపోతే నువ్వు ఇంట్లో ఉన్నట్టు ఆవిడకి నమ్మకం కుదరదు.

ముందు నీ సున్నా సంగతి. నా ఎదురుగా బల్లమీద మూడు కొలగాజులున్నాయి, ద్రావకాలు కొలిచే గీతల గాజు పాత్రలు, వాటితో చెబుతాను. నీ ఏడాది సంపాదన ఒక బిందెడు నీళ్లు అనుకో. మొదటి గాజులో మూడు లక్షలు పడతాయి. ఆ గాజులోంచి సర్కారు ఒక్క చుక్క తీసుకోదు. అది నిండి పొర్లితే ఆ పొర్లినవి రెండో గాజులో పడతాయి. ఆ రెండో గాజులో ఉన్నదాని మీద మాత్రమే నూటికి ఐదు. అది కూడా ఆరు లక్షల దగ్గర నిండిపోతే, పొర్లినవి మూడో గాజులోకి. అక్కడ పడ్డవాటి మీద మాత్రమే నూటికి పది. రెండో గాజులో చుక్క పడిందని మొదటి గాజులో నీళ్లు ఎవరూ ముట్టుకోరే పిచ్చిదానా. నీవి రెండు లక్షల తొంభై వేలు, మొదటి గాజే నిండలేదు, అందుకే సున్నా.

ఇప్పుడు శనివారాలు కలుపు. మూడు లక్షల ఇరవై ఆరు వేలు. పొర్లింది ఇరవై ఆరు వేలు. దాని మీద నూటికి ఐదు అంటే పదమూడు వందలు. ముప్పై ఆరు వేలు వచ్చి పదమూడు వందలు పోతే ఎవరైనా ఏడుస్తారా? వెళ్లి మీ పెద్దావిడతో వస్తానని చెప్పు.

ఇక ఆ ముద్ర సంగతి. ఏదో పొరపాటు పడి ఉంటుంది. లెక్కలాయన పాతకాలం మనిషి, సర్దుతాడు. నువ్వు ఆ ఆఫీసుల చుట్టూ తిరగకు. వాళ్లు ఒకటడిగితే మనం నాలుగు చెప్పాల్సి వస్తుంది. కావాలంటే స్లిప్పులు ఆయనకే ఇచ్చెయ్యి, ఈ ఒక్క ఏడాదికి.

కాళ్లు వాస్తున్నాయి. మెట్లెక్కడం మానెయ్యమన్నాడు డాక్టరు. ల్యాబు రెండో అంతస్తులో ఉందని ఆయనకి ఎవరు చెప్పాలి?

అత్త


కొట్టు పైన గది,
మంగళవారం

అత్తా,

నువ్వు వెళ్లొద్దన్నావు. నేను వెళ్లాను.

పన్ను ఆఫీసులో "సహాయం" అని రాసిన కౌంటరు వెనక ఒకావిడ కూర్చుని ఉంది. నీ వయసుంటుంది. చలికాలం కాకపోయినా శాలువా కప్పుకుంది, ముందు ఫ్యాను తిరుగుతోంది కాబట్టి. నా తిరిగొచ్చిన ఫారం చూసి కంప్యూటరులోకి తొంగి చూసింది.

"మీరు ఫ్రేముల పని చేస్తారా?"

"లేదండీ, పటాల ఆఫీసులో."

"మరి ఈ నలభై వేలు?"

"ఏ నలభై వేలు?"

తెర నా వైపు తిప్పింది. నా పేరు. కింద నాన్న కొట్టు పేరు. పక్కన "మూలల రంగు పని, అట్ట కోత కూలి" అని. ఏడాదికి నలభై వేలు.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"మీకు పద్దెనిమిది నిండినప్పటినుంచి. ఐదేళ్లు. ఐదేళ్లూ అదే నలభై వేలు, పైసా పెంచలేదు. నేనైతే ఎప్పుడో మానేసేదాన్ని" అంది.

నవ్వొచ్చింది. నిజంగా నవ్వానత్తా, అక్కడే నిలబడి. ఎందుకంటే మూలల రంగు పని నేను చేశాను. నీకు గుర్తుందా, నాలుగు చెక్కలు కలిసేచోట సన్నటి గీత కనబడితే చిటికెనవేలితో బంగారు రంగు అద్దేదాన్ని. ఎనిమిదో తరగతి దాకా. కూలి ఒక బన్ను. పెద్ద ఫ్రేమైతే బన్ను మీద జామ్. ఆ పని మానేశాక నాకు జీతం మొదలైంది, కాగితం మీద.

ఆవిడ నెమ్మదిగా చెప్పింది. కాలం మొదలవగానే లెక్కలాయన అలవాటు ప్రకారం నా పేరున నలభై వేలకి రిటర్ను పంపేశాడు; తర్వాత నా స్లిప్పులు అడిగింది దాన్ని సర్దడానికన్నమాట. మా ఆఫీసు నా జీతం వివరం పంపింది. రెండూ పొసగలేదు. అందుకే నాకు నోటీసు ఇచ్చారు, చేతికే. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఏడాదికొక వరస, ప్రతి వరసలో రెండు గళ్లు: "ఈ ఆదాయం నాదే", "నాది కాదు". నాదే అంటే నా జీతం, ఆ నలభై వేలు కలిపి మూడు లక్షలు దాటినదాని మీద ఈ ఏడాదికి పదిహేను వందలు కడితే చాలు, మూసేస్తారు. కాదంటే, మరి ఎవరిది అని కొట్టుకి వెళ్లి అడుగుతారు.

"పదిహేను వందలే కదా అని తొందరపడి టిక్కు పెట్టకండి. ఇంటికెళ్లి అడగండి" అంది ఆవిడ.

అడిగాను. నాన్న తడబడలేదు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది. లోపలికెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చాడు. అందులో నా పేరున ఉన్న రశీదులు, ఏడాదివారీగా, ఫ్రేములకి కట్టే పురితాడుతో కట్టి పెట్టాడు. "నీ పేరు మీద రికార్డు పెరుగుతోందమ్మా. రేపు నువ్వు కొట్టేదైనా పెట్టుకుంటే బ్యాంకువాడు మొదట అడిగేది ఇవే" అన్నాడు. బహుమతి ఇస్తున్నట్టు ఇచ్చాడు. ఆయన మొహంలో ఎక్కడా దొంగతనం లేదు. వెతికాను.

ఆ కట్ట కింద ఇంకో కవరుంది.

రెండేళ్ల కిందట పాత కాగితాలు, బొమ్మలు బాగుచేసే చదువుకి దరఖాస్తు పెట్టాను కదా. సీటిచ్చారు గాని, మార్కులు, పనితనం చూసి ఇచ్చే ఫీజు మాఫీ మాత్రం రాలేదని నాన్న చెప్పాడు. నాకు మార్కులు చాలలేదేమో అనుకున్నాను. ఆ మాఫీ లేకుండా చేరే స్తోమత లేదు. నెల రోజులు బ్రష్షులు ముట్టుకోలేదు. నువ్వు కూడా రాశావు, "ఏం ఫరవాలేదు, వాళ్ల కళ్లకి నీ చేయి ఆనలేదు" అని. ఆ కవరులో ఉన్నది ఆ ఉత్తరం. "దరఖాస్తుదారుకి సొంత ఆదాయం ఉన్నట్టు రికార్డు చూపుతున్నందున మాఫీకి అర్హత లేదు."

మార్కులు కాదు. చేయి కాదు. నలభై వేలు.

నువ్వు నన్ను ఆ ఆఫీసుకి ఎందుకు వెళ్లొద్దన్నావు?


బడి ల్యాబు,
ఆదివారం, బడికి సెలవు

కోడలు పిల్లా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను. మొదటి మూడింటిలో నేను మంచిదాన్నిగా కనబడుతున్నాను, అందుకని చింపేశాను.

నీకంటే ముందు ఆ పేరు నాది. అట్ట కోత కూలి. చీటీలు నేనే రాసేదాన్ని, నా కూలి నేనే రాసుకునేదాన్ని. పెళ్లయ్యాక కూడా అన్నయ్య తీయలేదు. బడిలో ఉద్యోగం వచ్చిన చాలా ఏళ్లకి, నా జీతం గీత దాటి నేను సొంతంగా రిటర్ను పంపిన మొదటి ఏడాది నాకూ నీలాంటి నోటీసే వచ్చింది. అవే రెండు గళ్లు. "నాదే" అని టిక్కు పెట్టాను. పదకొండేళ్లు పెట్టాను. నాది కాని దానికి ఏడాదికి రెండు వేల దాకా పన్ను నా జీతంలోంచి కట్టాను. అన్నయ్యకి చెప్పలేదు. నన్ను చదివించినవాడు. ఇరవై వేలు దాటినా అది నాకు పెద్ద లెక్కలా అనిపించలేదు.

మీ మామయ్య పోయాక, చేతిలో ఏమీ ఆడక, అప్పుడు అడిగాను. "అన్నయ్యా, నా పేరు తీసెయ్" అన్నాను. "సరేలేవే" అన్నాడు, ఒక్క ప్రశ్న వేయకుండా. నాకు ఎంత తేలికైందో చెప్పలేను.

ఆ ఏడాదే నీకు పద్దెనిమిది నిండాయి.

నా పేరు తీసెయ్ అన్నాను గాని, ఎవరి పేరు పెడతావు అని అడగలేదు. అడగకుండా ఉండటానికి నాకు కొంచెం కష్టపడాల్సి వచ్చింది కూడా. అది నీకు తెలియాలి.

ఆ ఫీజు ఉత్తరం వచ్చినప్పుడు అన్నయ్య నాకు ఫోను చేశాడు. "దానికి ఏం చెప్పనే?" అన్నాడు. "మాఫీ రాలేదని మాత్రం చెప్పు, ఎందుకో చెప్పకు" అన్నది నేను. నీ చేయి ఆనలేదని రాసింది కూడా నేనే. ఆ వాక్యం రాసేటప్పుడు నా చేయి ఆగలేదు.

కోపం తెచ్చుకో. రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

అత్త


కొట్టు పైన గది,
పదకొండు రోజుల తర్వాత

అత్తా,

పదకొండు రోజులు రాయలేదు. ఆరు రోజులు కోపం వల్ల, ఐదు రోజులు నాన్న వల్ల.

కోపం గురించి ఒక్క మాటే. మీరిద్దరూ నన్ను చూసుకున్న తీరు తల్చుకుంటే ప్రేమగానే ఉంది. నన్ను అడగడం ఒక్కటే ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు నాన్న సంగతి విను.

నీ కొలగాజులు నా బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. నాన్న నాకు చెప్పిన గీత గుర్తొచ్చింది, దాటితే మొత్తం మీద పడుతుందని. అది నన్ను బెదిరించడానికి అన్నాడనుకున్నాను. కాదత్తా. ఆయన నమ్మేది అదే. ముప్పై ఏళ్లుగా.

కొట్టుకి వెళ్లాను. ఆయన అద్దం కోస్తున్నాడు. డైమండు మొన ఉన్న కత్తితో గీసి, కింద తట్టి, పుటుక్కుమని విరిచేదాకా ఆగాను.

"నాన్నా, కొట్టుకి నిజంగా ఎంత మిగులుతుంది?"

"గోడలకి వినబడుతుంది."

"గోడకి మన విషయాలన్నీ తెలుసులే. చెప్పు."

"ఆరు లక్షల నలభై."

"నువ్వు చూపించేది ఆరు. నలభై నా పేరున."

"మరి? ఆరు దాటితే మొత్తం ఆరు లక్షల నలభైకీ నూటికి పది. అరవై నాలుగు వేలు! కొట్టు మూసుకోవడమే. నా చిన్నప్పుడు మా యజమానికి అలాగే అయిందన్నారు."

ఆయన తల వెనక గోడకి రేట్ల పలక వేలాడుతోంది. ఆయనే రాసినది, అక్షరాలు నిలువుగా, సైనికుల్లా. మూడు అడుగుల దాకా అడుగుకి ఇంత, మూడు దాటితే అడుగుకి ఇంత అని రెండు వరసలు, పెద్ద ఫ్రేముకి వెనక అడ్డచెక్క వేయాలి కాబట్టి.

"నాలుగడుగుల ఫ్రేము తెచ్చినవాడికి నాలుగడుగులకీ ఎక్కువ రేటు వేస్తావా నాన్నా?"

"ఛ, అదేం అన్యాయం. మూడు అడుగులకి మామూలు రేటే. పై అడుగుకే ఎక్కువ."

"సర్కారు కూడా అంతే."

కోసిన అద్దం చేతిలో అలాగే పట్టుకున్నాడు. అంచు తగులుతుందేమోనని నేనే తీసుకుని బల్లమీద పెట్టాను. అట్టముక్క వెనక పెన్సిలుతో వేసి చూపించాను. మొదటి మూడు లక్షలకి ఏమీ లేదు. తర్వాతి మూడుకి పదిహేను వేలు, అది ఎలా వచ్చిందో చూడకుండా లెక్కలాయన చెప్పినట్టు ఆయన కడుతూనే ఉన్నాడు. పైన నలభై వేలకి నాలుగు వేలు. మొత్తం పంతొమ్మిది. అరవై నాలుగు కాదు.

"నాలుగు వేలేనా" అన్నాడు.

"నా పేరున విడి రిటర్ను వేసినందుకు లెక్కలాయన ఎంత తీసుకుంటాడు?"

నాన్న బల్లమీది గాజు పొడి గుడ్డతో తుడిచాడు. తర్వాత రేట్ల పలక వైపు చూస్తూ, "నాలుగున్నర" అన్నాడు.

నవ్వుతాడనుకున్నాను. నాకు నవ్వొచ్చేలా ఉంది. ఆయన మాత్రం స్టూలు మీద కూర్చుని, "అయితే నీ చదువు" అని ఆగిపోయాడు. ఈసారి ఆయన అనకపోవడం ఇంతకుముందు ఎప్పుడూ వినని రకంగా ఉంది.

మర్నాడు లెక్కలాయన వచ్చాడు. గీత దాటినదాని మీదే పన్ను అన్న సంగతి ఆయనకి తెలియదా అని అడిగాను. "మీ నాన్నగారు గీత దాటకూడదన్నారు, నేను దాటనివ్వలేదు. అడిగినవాడికి అడిగినది చేశాను" అన్నాడు, కళ్లజోడు తుడుచుకుంటూ. తర్వాత తలుపు దగ్గరగా వేసి నాన్నతో అన్న మాట నాకు వినబడింది. "అమ్మాయి 'కాదు' అని రాసిందో, వీళ్లు పుస్తకాలు తెరుస్తారు. అమ్మాయి ఐదేళ్లతో ఆగరు. దాని వెనక మీ చెల్లెలి పదకొండేళ్లున్నాయి. ఆవిడ తప్పుగా సంతకాలు పెట్టింది. బడి ఉద్యోగం, పెన్షను."

మళ్లీ సహాయం కౌంటరుకి వెళ్లాను. నీ పేరెత్తకుండా అడిగాను. శాలువా ఆవిడ చెప్పినది ఇది. నాన్న తనంతట తాను వచ్చి సవరణ కాగితం ఇస్తే, ఐదేళ్లకి నాలుగేసి వేలు, వడ్డీ కలిపి ఇరవై రెండు వేల చిల్లర. కట్టేస్తే మామూలుగా వెనక్కి తవ్వరు. నా జవాబు ఒక్కటే వెళ్లి, ఆయన రాకపోతే, వాళ్లే వస్తారు. అప్పుడు జరిమానా, పాత పుస్తకాలన్నీ.

సవరణ కాగితం తెచ్చి నింపి ఆయన ముందు పెట్టాను. "ఈ ఒక్కసారికి నాదే అని రాసెయ్యమ్మా. వచ్చే ఏడాది నుంచి అంతా సరిగ్గా చేద్దాం. ఆ ఆఫీసులో నేను నిలబడి ఏం చెప్పను?" అన్నాడు. పదిహేను వందలు జేబులోంచి తీసి కాగితం మీద పెట్టాడు కూడా.

ఇంకా తొమ్మిది రోజులున్నాయి. నీ సంగతి కూడా ఇందులో ఉంది కాబట్టి అడుగుతున్నాను. మీరు నన్ను అడగనిది నేను నిన్ను అడుగుతున్నాను. ఏమంటావు?


బడి ల్యాబు, సామాను గది,
బుధవారం

కోడలు పిల్లా,

నాలుగున్నర ఇచ్చి నాలుగు మిగుల్చుకున్నాడా మా అన్నయ్య! చదివి నోరు తెరిచి కూర్చున్నాను. ఇన్నేళ్లూ వాడు తెలివైనవాడు కాబట్టి చేస్తున్నాడనుకున్నాను. భయపడి చేస్తున్నాడని నాకు తోచలేదు. గాజులతో నీకు చెప్పిన ముక్క పాతికేళ్ల కిందట వాడికి చెప్పి ఉంటే పోయేది. తోబుట్టువులం, పన్నులు మాట్లాడుకుంటామా అనుకున్నాం.

నువ్వు అడిగావు. నా సంగతి ఆలోచించకు, నీకు సరైనది చెయ్యి అని రాయాలి. ఆ వాక్యం రాయడానికే కూర్చున్నాను. రాయలేకపోతున్నాను.

ఇంకా రెండేళ్ల సర్వీసుంది. నాకు ఈ పెన్షను తప్ప వేరే ఏమీ లేదు. ఎంతవరకు పోతుందో, అసలు పోతుందో లేదో నాకు తెలియదు. నిన్న హెడ్‌మిస్ట్రెస్ మామూలుగా పిలిస్తేనే చేతిలో సీసా వదిలేశాను. ముప్పై ఏళ్లలో మొదటిసారి నేను పగలగొట్టాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

పదిహేను వందలే కదా అనిపిస్తుంది నాకు. ఆ పదిహేను వందలు నేను పంపుతాను. నాదే అని రాసెయ్యి. కుదిరితే.

ఇలా రాసినందుకు రేపు సిగ్గుపడతాను. ఇవాళ మాత్రం ఇదే నిజం. నిన్నోసారి తప్పుదోవ పట్టించాను, మళ్లీ మంచిదాన్నిలా రాసి పట్టించలేను.

అత్త


కొట్టు పైన గది,
ముప్పయ్యో రోజుకి ముందు రోజు, సాయంత్రం

అత్తా,

నువ్వు నిజం రాశావు. ఈ మొత్తం గొడవలో నా చేతికి వచ్చిన మొదటి నిజమైన కాగితం అది. దాచుకున్నాను.

నా చదువుకి మాఫీ ఇంక రాదు, ఇప్పుడు నాకు నిజంగానే జీతముంది. అందుకని శనివారాల పని ఒప్పుకున్నాను. రెండేళ్లు దాస్తే మొదటి ఏడాది ఫీజు అవుతుంది. వచ్చే ఏడాది నేను పదమూడు వందలు పన్ను కడతాను. ఆ రశీదు నా దగ్గర ఉంటుంది, రేకు డబ్బాలో కాదు.

అమ్మ నాతో మాట్లాడుతోంది. గోడ ద్వారా కాదు, నేరుగా. "ఆయన నిద్రపోవట్లేదే" అంది. "తెలుసమ్మా" అన్నాను. "ఆ చదువుకి నువ్వెందుకు వెళ్లలేదో నాకూ చెప్పలేదే ఆయన" అంది ఇంకాసేపటికి. నన్ను ఇంకేమీ అనలేదు.

సవరణ కాగితం కింద కొట్టులో, నాన్న కొలబద్ద కింద ఉంది. దాని మీద పెట్టిన పదిహేను వందలు ఆయనే తీసేశాడు. పొద్దున వెళ్లి చూశాను. సంతకం లేదు. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో సన్నగా ఒక గీత ఉంది. ఏదైనా కోసే ముందు ఆయన అలాగే గీస్తాడు. గీసినవన్నీ కోస్తాడని లేదు. ఒక్కోసారి తుడిచేస్తాడు కూడా. ఆయన పక్కన కూర్చుని, "నేనూ వస్తాను, కౌంటరు దగ్గర నేను మాట్లాడతాను" అని చెప్పాను. తలూపాడు. దేనికి ఊపాడో అడగలేదు.

నీ పేరు నేను ఎక్కడా రాయలేదు. ఎవరూ అడగకపోతే చెప్పను. అడిగితే అబద్ధం చెప్పను. నీ పదకొండేళ్ల కాగితాలు వెతికి పెట్టుకో. అవసరం పడితే ఆ రోజు సెలవు పెట్టి వస్తాను, శాలువా ఆవిడ దగ్గరికి ఇద్దరం వెళ్దాం.

నోటీసు నింపాను. ఐదు వరసలకీ "నాది కాదు" గడిలో టిక్కు పెట్టాను, సిరాతో. కింద సంతకం చేశాను. రేపు పదింటికి కౌంటరు తెరుస్తారు. నాన్న సంతకం పెడితే రెండు కాగితాలు తీసుకెళ్తాను. పెట్టకపోతే ఒకటి.